షుగర్ ఉన్నవాళ్లు గుండె రిస్క్ తెలుసుకోడానికి ఏ రక్త పరీక్షలు చేయించుకోవాలి, రిపోర్ట్ ఎలా చదవాలి

షుగర్ ఉన్నవాళ్లలో చాలామంది ల్యాబ్ రిపోర్ట్ చేతికి రాగానే చూసేవి రెండే, ఫాస్టింగ్ ఎంత, తిన్నాక ఎంత. అవి బాగుంటే హమ్మయ్య అనుకుని ఫైల్లో పెట్టేస్తారు, మిగతా పేజీలు ఎవరూ తిరగెయ్యరు. నాకు బాధనిపించేది ఇక్కడే. షుగర్ లేనివాళ్లతో పోలిస్తే షుగర్ ఉన్నవాళ్లకి గుండెపోటు, పక్షవాతం వచ్చే రిస్క్ దాదాపు రెండింతలు, ఆ రిస్క్ ఎటు నుంచి పెరుగుతోందో చెప్పే నంబర్లు చాలావరకు ఆ తిరగెయ్యని పేజీల్లోనే ఉంటాయి. పైగా షుగర్ ఏళ్ల తరబడి ఉంటే నరాలు దెబ్బతిని, గుండెకి ఇబ్బంది వచ్చినా ఛాతీలో నొప్పి తెలియకపోవచ్చు, కాబట్టి నాకేం నొప్పి లేదు కదా అన్న ధైర్యం ఇక్కడ పనికిరాదు.

అందుకే ఏ టెస్టులు చేయించుకోవాలి, వచ్చిన నంబర్‌ని ఎలా చదవాలి అనేది వరసగా రాస్తున్నా. ఇది చదివి మందులు మీరే మార్చుకోమని కాదు, డాక్టర్ ముందు కూర్చున్నప్పుడు ఏం అడగాలో తెలిసి కూర్చోడానికి.

స్టెప్ 1: ల్యాబ్‌కి వెళ్లేముందు మీ గురించి ఒక కాగితం రాసుకోండి

ఇదేం పని అనుకోకండి, ఇది లేకపోతే కింద చెప్పే నంబర్లకి అర్థమే ఉండదు. వయసు, షుగర్ వచ్చి ఎన్నేళ్లయింది, బీపీ ఎంత ఉంటోంది, సిగరెట్ అలవాటు ఉందా, ఇంట్లో నాన్నకో అన్నదమ్ములకో 55 లోపు, అమ్మకో అక్కచెల్లెళ్లకో 65 లోపు గుండె జబ్బు వచ్చిందా, మీకు ఇప్పటికే గుండెపోటు గానీ స్టెంట్ గానీ పక్షవాతం గానీ అయ్యిందా, ఇప్పుడు ఏ మందులు వాడుతున్నారు. ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 90 అనేది ఒకరికి ఫర్వాలేదు అనిపించే నంబర్, స్టెంట్ వేయించుకున్న షుగర్ పేషెంట్‌కి అదే 90 చాలా ఎక్కువ. ల్యాబ్ వాళ్లకి మీరెవరో తెలీదు, వాళ్లు పక్కన ప్రింట్ చేసే నార్మల్ రేంజ్ అందరికీ ఒకటే, అందుకని రిపోర్ట్‌లో ఎర్ర అక్షరాలు లేవు కాబట్టి అంతా బాగున్నట్టే అనుకోవద్దు. ఈ మొత్తం పోస్ట్‌లో ఒక్క మాట గుర్తుంచుకోవాలంటే నేను దీన్నే గుర్తుంచుకోమంటా, మీ నంబర్‌ని ల్యాబ్ రేంజ్‌తో కాదు, మీ టార్గెట్‌తో పోల్చుకోండి.

స్టెప్ 2: టెస్ట్ ఏ రోజు, ఎలా ఇవ్వాలి

జ్వరం, దగ్గు జలుబు, పంటి ఇన్ఫెక్షన్, యూరిన్ ఇన్ఫెక్షన్ లాంటివి ఉన్నప్పుడు ఇవ్వకండి, తగ్గి రెండు మూడు వారాలయ్యాక ఇవ్వండి, ఎందుకంటే అప్పుడు ఒంట్లో వాపుని చూపించే సీఆర్‌పీ పెరుగుతుంది, యూరిన్‌లో అల్బుమిన్ అనే ప్రోటీన్ పెరుగుతుంది, కొలెస్ట్రాల్ అయితే ఉల్టాగా తగ్గి కనిపిస్తుంది. ముందురోజు గట్టిగా పరుగులు, బరువులు ఎత్తడం వద్దు. జుట్టు ఊడుతోందని, గోళ్లు విరుగుతున్నాయని బయోటిన్ ఉన్న టాబ్లెట్లు వేసుకునేవాళ్లు ఆ విషయం తప్పకుండా చెప్పాలి, బయోటిన్ ఎక్కువ డోసులో తీసుకుంటే ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే పెరిగేది) లాంటి కొన్ని రక్త పరీక్షలు తప్పుగా వస్తాయి, ఎన్ని రోజులు ఆపాలో డాక్టర్‌ని గానీ ల్యాబ్‌ని గానీ అడగండి.

ఇక ఫాస్టింగ్ సంగతి. కొలెస్ట్రాల్ టెస్టుకి ఖచ్చితంగా పరగడుపున రావాలి అన్న రూల్ ఇప్పుడు చాలాచోట్ల సడలించారు, తిని ఇచ్చినా ఎక్కువమందికి సరిపోతుంది, ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలో ఉండే ఒక రకం కొవ్వు) 400 దాటి వస్తే మాత్రం ఫాస్టింగ్‌తో మళ్లీ చేస్తారు. మీరు ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్, గ్లిక్లాజైడ్ లాంటి షుగర్ మాత్రలు గానీ వాడుతుంటే ఖాళీ కడుపుతో ల్యాబ్ క్యూలో గంటలు గంటలు కూర్చోవడం ప్రమాదం, షుగర్ పడిపోతుంది. ఫాస్టింగ్ అవసరమా, అవసరమైతే ఆ పొద్దుటి డోసు ఏం చెయ్యాలి అనేది ముందే కనుక్కోండి, చేతిలో గ్లూకోజ్ ఏదైనా ఉంచుకోండి. ఇంకోటి, వీలైనంతవరకు ప్రతిసారీ అదే ల్యాబ్‌కి వెళ్లండి, పాత నంబర్‌తో పోల్చడం తేలిక.

స్టెప్ 3: ఏ1సీ చూడండి, కానీ అక్కడే ఆగకండి

హెచ్‌బీఏ1సీ అంటే గత రెండు మూడు నెలల షుగర్ సగటు. 7 శాతం అంటే సగటున షుగర్ 154 దగ్గర ఉన్నట్టు, 8 అంటే 183, 9 అంటే 212. ఎక్కువమంది పెద్దవాళ్లకి టార్గెట్ 7 లోపు, షుగర్ తరచూ పడిపోయేవాళ్లకి, బాగా వయసు మళ్లినవాళ్లకి, వేరే పెద్ద జబ్బులు ఉన్నవాళ్లకి కొంచెం ఎక్కువైనా ఫర్వాలేదు అంటారు.

మరి ఏ1సీ తగ్గిస్తే గుండెకి మేలేనా? మేలే, కానీ జనం అనుకున్నంత కాదు. యూకేపీడీఎస్ అనే పెద్ద బ్రిటిష్ స్టడీ లెక్కలు 2000లో వచ్చాయి, ఏ1సీ ఒక శాతం తక్కువ ఉన్నవాళ్లలో కళ్లు, కిడ్నీల లాంటి చిన్న రక్తనాళాల సమస్యలు 37 శాతం తక్కువ కనిపిస్తే, గుండెపోట్లు మాత్రం 14 శాతమే తక్కువ. ఇక 2008లో అకార్డ్ అనే ట్రయల్‌లో గుండె రిస్క్ ఎక్కువున్నవాళ్లకి ఏ1సీ 6 కంటే కిందకి దించాలని గట్టిగా మందులు పెంచితే ఆ గ్రూపులో మరణాలు పెరిగి ఆ భాగాన్ని మధ్యలోనే ఆపేశారు. అంటే షుగర్ ఒక్కదాన్నే పట్టుకుని ఎంత కిందకి లాగితే అంత మంచిది అనుకోవడం కరెక్ట్ కాదు, గుండె విషయంలో మిగతా నంబర్లు కూడా కలిసి రావాలి.

ఐరన్ తక్కువై రక్తహీనత ఉంటే ఏ1సీ ఉన్నదానికంటే ఎక్కువ చూపించొచ్చు, ఈమధ్య రక్తం ఎక్కించుకున్నా, ఎర్రకణాలు త్వరగా చచ్చిపోయే జబ్బులున్నా తక్కువ చూపించొచ్చు. ఇంట్లో మీటర్ నంబర్లకీ ఏ1సీకీ పొంతన కుదరట్లేదంటే హిమోగ్లోబిన్ ఎంతుందో ఒకసారి చూడండి.

స్టెప్ 4: లిపిడ్ ప్రొఫైల్‌ని మీరే ఒక తీసివేత చేసి చదవండి

అసలు కథ ఇక్కడుంది. షుగర్ ఉన్నవాళ్ల కొవ్వుల తీరు కాస్త వేరుగా ఉంటుంది, ట్రైగ్లిజరైడ్స్ ఎక్కువ, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) తక్కువ, ఎల్‌డీఎల్ మాత్రం చూడ్డానికి మామూలుగానే ఉంటుంది. ఆ మామూలు ఎల్‌డీఎల్ చూసి మోసపోతాం. ఎందుకంటే వీళ్లలో ఎల్‌డీఎల్ కణాలు చిన్నవిగా ఉండి సంఖ్య ఎక్కువగా ఉంటాయి, ఒక్కో కణంలో కొలెస్ట్రాల్ తక్కువ ఉంటుంది కాబట్టి మొత్తం కొలెస్ట్రాల్ కొలిస్తే నంబర్ చిన్నగా వస్తుంది. బస్తాల బరువు తూచాం గానీ ఎన్ని బస్తాలున్నాయో లెక్కపెట్టలేదు అన్నమాట, రక్తనాళం గోడలోకి దూరేది మాత్రం బస్తాల లెక్కనే.

ఒక రిపోర్ట్ తీసుకుందాం. టోటల్ కొలెస్ట్రాల్ 168, హెచ్‌డీఎల్ 34, ట్రైగ్లిజరైడ్స్ 230. ల్యాబ్ చాలాసార్లు ఎల్‌డీఎల్‌ని నేరుగా కొలవదు, లెక్కగడుతుంది, టోటల్‌లోంచి హెచ్‌డీఎల్ తీసేసి, ట్రైగ్లిజరైడ్స్‌ని 5తో భాగించి అది కూడా తీసేస్తారు, 1972 నాటి ఫ్రీడ్‌వాల్డ్ ఫార్ములా అది. 168 లోంచి 34 తీస్తే 134, అందులోంచి 46 తీస్తే 88. పక్కన 100 లోపు మంచిది అని ప్రింట్ ఉంటుంది, కాబట్టి ఎల్‌డీఎల్ నార్మల్ అని సంతోషపడతారు. ఇప్పుడు అదే రిపోర్ట్‌లో టోటల్‌లోంచి హెచ్‌డీఎల్ ఒక్కటే తీసెయ్యండి, 134. దీన్నే నాన్ హెచ్‌డీఎల్ అంటారు, అంటే నాళాలకి చెడు చేసే కొలెస్ట్రాల్ అంతా కలిపి. షుగర్‌తో పాటు బీపీ, సిగరెట్ లాంటి ఇంకో రిస్క్ కూడా ఉన్నవాళ్లకి ఇది 100 లోపు ఉండాలి. ఒక నంబర్ ప్రకారం అంతా బాగుంది, ఇంకో నంబర్ ప్రకారం 34 ఎక్కువ ఉంది, రక్తం మాత్రం అదే. దీనికి ఎక్స్‌ట్రా డబ్బులూ అక్కర్లేదు, ఇంకో సూదీ అక్కర్లేదు, ఒక్క తీసివేత చాలు, అందుకే ప్రతి షుగర్ పేషెంట్ ఇది నేర్చుకోవాలని నా కోరిక.

పైగా ట్రైగ్లిజరైడ్స్ ఎక్కువ, ఎల్‌డీఎల్ తక్కువ ఉన్నప్పుడు ఆ పాత ఫార్ములా ఎల్‌డీఎల్‌ని ఇంకా తక్కువ చేసి చూపిస్తుంది, ట్రైగ్లిజరైడ్స్ 400 దాటితే అసలు వాడకూడదు.

టార్గెట్లు ఎలా ఉంటాయంటే, షుగర్ ఉండి 40 దాటి ఇంకో రిస్క్ కూడా ఉంటే ఎల్‌డీఎల్ 70 లోపు, నాన్ హెచ్‌డీఎల్ 100 లోపు. గుండెపోటు, స్టెంట్, పక్షవాతం ఇప్పటికే అయినవాళ్లకి ఎల్‌డీఎల్ 55 లోపు, నాన్ హెచ్‌డీఎల్ 85 లోపు. ఈ నంబర్లన్నీ డెసిలీటర్‌కి మిల్లీగ్రాముల్లో. మీ ల్యాబ్ మిల్లీమోల్స్‌లో ఇస్తే కొలెస్ట్రాల్‌ని 38.7తో, ట్రైగ్లిజరైడ్స్‌ని 88.6తో గుణించుకోండి.

ట్రైగ్లిజరైడ్స్ 150 దాటితే ముందు షుగర్ కంట్రోల్, మద్యం, బరువు, థైరాయిడ్ ఇవి చూడాలి. థైరాయిడ్ తక్కువ పనిచేస్తే ఎల్‌డీఎల్ కూడా పెరుగుతుంది, ఒక టీఎస్‌హెచ్ టెస్ట్‌తో తేలిపోతుంది. 500 దాటితే మాత్రం గుండె కంటే ముందు ప్యాంక్రియాస్ వాపు భయం ఉంటుంది, ఆలస్యం చెయ్యకుండా డాక్టర్‌కి చూపించాలి. హెచ్‌డీఎల్ మగవాళ్లలో 40 లోపు, ఆడవాళ్లలో 50 లోపు ఉంటే తక్కువ అంటారు, అది రిస్క్‌కి గుర్తే గానీ దాన్ని మందుతో పెంచితే లాభం లేదని నియాసిన్ (బీ3 విటమిన్) ట్రయల్స్‌లో తేలిపోయింది, కాబట్టి హెచ్‌డీఎల్ పెంచే మాత్రల వెంట పడొద్దు.

స్టెప్ 5: వీలుంటే అపోబీ, జీవితంలో ఒక్కసారి లైపోప్రోటీన్ ఏ

పైన చెప్పిన బస్తాలు లెక్కపెట్టే టెస్టే అపోబీ. ఎల్‌డీఎల్ అయినా, ట్రైగ్లిజరైడ్స్‌ని మోసే వీఎల్‌డీఎల్ అయినా ఒక్కో కణం మీద ఒకే ఒక్క అపోబీ ప్రోటీన్ ఉంటుంది కాబట్టి అది ఎంతుంటే అన్ని కణాలున్నట్టు లెక్క. రిస్క్ ఎక్కువున్నవాళ్లకి 80 లోపు, చాలా ఎక్కువున్నవాళ్లకి 65 లోపు ఉండాలని యూరప్ గైడ్‌లైన్ చెప్తుంది. దీనికి ఫాస్టింగ్ అక్కర్లేదు. ట్రైగ్లిజరైడ్స్ ఎక్కువున్న షుగర్ పేషెంట్‌కి ఎక్స్‌ట్రాగా ఒక్క టెస్టే చేయించుకోగలిగితే అది ఇదే చేయించుకోవాలి అని నేనంటా. దొరక్కపోతే దిగులు పడక్కర్లేదు, నాన్ హెచ్‌డీఎల్ చాలావరకు అదే పని చేస్తుంది.

లైపోప్రోటీన్ ఏ వేరే, ఇది పుట్టుకతో వచ్చేది, నడిచినా పథ్యం చేసినా పెద్దగా మారదు, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందుతో కూడా తగ్గదు. అందుకే ఒక్కసారి చూసుకుంటే చాలు. డెసిలీటర్‌కి 50 మిల్లీగ్రాములు, లేదా లీటర్‌కి 125 నానోమోల్స్ దాటితే రిస్క్ ఎక్కువ అని అర్థం, ఈ రెండు యూనిట్లని ఒకదాన్నుంచి ఇంకోదానికి లెక్కగట్టి మార్చకండి, సరిగ్గా రాదు. ఎక్కువ వస్తే ఏం చెయ్యాలి అంటే, దీన్ని మార్చలేం కాబట్టి మార్చగలిగిన ఎల్‌డీఎల్, బీపీ, సిగరెట్ విషయంలో ఇంకా గట్టిగా ఉండాలి, తోడబుట్టినవాళ్లకీ పిల్లలకీ కూడా ఒకసారి చేయించాలి.

స్టెప్ 6: కిడ్నీ టెస్టులు, ఇవి గుండె టెస్టులే

కిడ్నీకీ గుండెకీ ఏం సంబంధం అని చాలామంది దీన్ని వదిలేస్తారు. షుగర్ ఉన్నవాళ్లలో కిడ్నీ వడపోత నుంచి అల్బుమిన్ లీక్ అవుతోందంటే ఒంట్లో మిగతా సన్న నాళాలు కూడా దెబ్బతింటున్నట్టు సూచన, గుండెపోటు రిస్క్ అప్పటికే పెరిగినట్టు. రెండు కావాలి, రక్తంలో క్రియాటినిన్, దాన్నుంచి లెక్కగట్టే ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీ ఎంత బాగా వడపోస్తోందో చెప్పే నంబర్) ఒకటి, యూరిన్ అల్బుమిన్ క్రియాటినిన్ రేషియో ఇంకోటి. రెండోది రక్త పరీక్ష కాదు నిజమే, కానీ ఇది లేకుండా లెక్క పూర్తి కాదు.

ఇక్కడ ఒక చిన్న మెలిక ఉంది. యూరిన్ రొటీన్ రిపోర్ట్‌లో అల్బుమిన్ నిల్ అని ఉంటుంది, అది చూసి బాగుంది అనుకుంటాం, ఆ స్ట్రిప్ టెస్ట్‌కి చాలాసార్లు కొద్దిపాటి లీక్ దొరకదు. రేషియో అని అడిగి మరీ చేయించుకోవాలి, పొద్దున లేవగానే వచ్చే యూరిన్ అయితే మంచిది. గ్రాముకి 30 మిల్లీగ్రాముల లోపు నార్మల్, 30 నుంచి 300 అంటే లీక్ మొదలైంది, 300 దాటితే ఎక్కువైంది. 42 వచ్చిందనుకోండి, కంగారు పడకండి, జ్వరం, వ్యాయామం, ఇన్ఫెక్షన్, నెలసరి, షుగర్ బాగా పెరిగి ఉండటం ఇవన్నీ దాన్ని పెంచుతాయి, మూడు నుంచి ఆరు నెలల్లో మూడుసార్లు చేస్తే అందులో రెండుసార్లు ఎక్కువ వస్తేనే నిజమని లెక్క.

ఈజీఎఫ్‌ఆర్ 60 లోపు మూడు నెలలకి మించి ఉంటే కిడ్నీ జబ్బు అంటారు. ఎంపాగ్లిఫ్లోజిన్, డాపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మందులు మొదలుపెట్టిన కొత్తలో ఈజీఎఫ్‌ఆర్ కాస్త తగ్గుతుంది, అది చూసి భయపడి మందు మానేస్తారు కొందరు, ఆ తగ్గుదల మామూలే, ఆ మందులు తర్వాత కిడ్నీని కాపాడతాయి, మానేముందు డాక్టర్‌కి ఫోన్ చెయ్యండి.

స్టెప్ 7: ఎన్‌టీ ప్రోబీఎన్‌పీ, సీఆర్‌పీ

షుగర్ ఉన్నవాళ్లకి గుండెపోటు ఒక్కటే కాదు, గుండె పంపింగ్ నెమ్మదిగా దెబ్బతినే హార్ట్ ఫెయిల్యూర్ కూడా ఎక్కువ. గుండె మీద ఒత్తిడి పెరిగితే రక్తంలోకి వచ్చేది ఎన్‌టీ ప్రోబీఎన్‌పీ. లక్షణాలు లేకపోయినా దీన్నో, హై సెన్సిటివిటీ ట్రోపోనిన్‌నో ఏడాదికోసారి చూడమని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2022లో చెప్పింది. మిల్లీలీటర్‌కి 125 పికోగ్రాములు దాటితే ఎకో (గుండె స్కాన్) చేయించాలేమో డాక్టర్ ఆలోచిస్తారు. వయసు, కిడ్నీ సమస్య, గుండె లయ తప్పడం దీన్ని పెంచుతాయి, బరువు ఎక్కువున్నవాళ్లలో ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది.

ఒక్క జాగ్రత్త, దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోకండి. ఉన్నట్టుండి ఆయాసం, చల్లచెమటలు, దవడలోనో భుజంలోనో వీపులోనో నొప్పి, కడుపులో తిప్పడం, ఎప్పుడూ లేనంత నీరసం వస్తే ల్యాబ్‌కి కాదు, నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి. ఇంట్లో కూర్చుని ట్రోపోనిన్ రిపోర్ట్ కోసం చూసే టైమ్ కాదది.

హై సెన్సిటివిటీ సీఆర్‌పీ ఒంట్లో లోపలి వాపు (ఇన్‌ఫ్లమేషన్) ఎంతుందో చెప్తుంది, లీటర్‌కి 1 మిల్లీగ్రాము లోపు తక్కువ రిస్క్, 3 దాటితే ఎక్కువ, 10 దాటితే గుండె సంగతి పక్కన పెట్టి ఎక్కడో ఇన్ఫెక్షన్ ఉందేమో చూసి తగ్గాక మళ్లీ చేయాలి. స్టాటిన్ వెయ్యాలా వద్దా అని డాక్టర్ ఊగిసలాడుతున్నప్పుడు పనికొస్తుంది, షుగర్ ఉండి ఎలాగూ స్టాటిన్ వేసుకుంటున్నవాళ్లకి కొత్తగా చెప్పేది తక్కువ.

హోమోసిస్టీన్ (రక్తంలో ఉండే ఒక అమైనో ఆమ్లం) టెస్ట్ కోసం డబ్బు పెట్టక్కర్లేదు, విటమిన్లతో దాన్ని తగ్గించినా గుండెపోట్లు తగ్గలేదు. మెట్‌ఫార్మిన్ ఏళ్లుగా వాడేవాళ్లు దానికి బదులు బీ12 చూసుకోండి, అది నిజంగా తగ్గుతుంది.

స్టెప్ 8: అన్నీ పక్కపక్కన పెట్టి డాక్టర్ దగ్గరికి

ఒక పేజీలో ఎడమవైపు టెస్ట్ పేరు, మధ్యలో ఈసారి నంబర్, పోయినసారి నంబర్, కుడివైపు మీ టార్గెట్. టార్గెట్ గడి ఖాళీగా ఉంచి డాక్టర్‌నే రాయమనండి, నా ఎల్‌డీఎల్ ఎంత ఉండాలి డాక్టర్ గారూ అని నోటితో అడగండి, ఈ ప్రశ్న అడిగేవాళ్లు తక్కువ. తర్వాత స్టాటిన్ గురించి అడగండి. షుగర్ ఉన్న 40 దాటినవాళ్లలో చాలామందికి కొలెస్ట్రాల్ నార్మల్ ఉన్నా స్టాటిన్ ఇస్తారు, ఊరికే కాదు, 2004లో వచ్చిన కార్డ్స్ ట్రయల్‌లో ఎల్‌డీఎల్ మరీ ఎక్కువ లేని షుగర్ పేషెంట్లకి అటోర్వాస్టాటిన్ 10 మిల్లీగ్రాములు ఇస్తే గుండెపోటు, పక్షవాతం లాంటివి 37 శాతం తగ్గాయి, మేలు అంత స్పష్టంగా కనిపించి ట్రయల్‌ని ముందే ముగించారు. స్టాటిన్ వల్ల షుగర్ కొంచెం పెరుగుతుందన్నది నిజమే, కానీ వచ్చే మేలు ముందు అది చిన్నది. కండరాల నొప్పులొస్తే చెప్పండి, మార్చడానికి వేరేవి ఉన్నాయి, మీ అంతట మీరు ఆపెయ్యకండి. గర్భం ప్లాన్ చేస్తున్నవాళ్లు మాత్రం ముందే చెప్పాలి.

గుండె జబ్బు గానీ, కిడ్నీ లీక్ గానీ, ఎన్‌టీ ప్రోబీఎన్‌పీ ఎక్కువగానీ ఉంటే షుగర్ మందు ఎంపిక కూడా మారొచ్చు. ఎంపాగ్లిఫ్లోజిన్ మీద 2015లో వచ్చిన ట్రయల్‌లో గుండె జబ్బు ఉన్న షుగర్ పేషెంట్లలో గుండె వల్ల చనిపోయేవాళ్లు 38 శాతం తగ్గారు, లిరాగ్లూటైడ్ లాంటి ఇంజెక్షన్లకీ గుండెకి మేలు చేస్తాయన్న రుజువులున్నాయి. మీ నంబర్లకి ఇవి సరిపోతాయా అని అడగడంలో తప్పు లేదు.

స్టెప్ 9: మళ్లీ ఎప్పుడు

ఏ1సీ కంట్రోల్‌లో ఉంటే ఆరు నెలలకోసారి, మందు మారిస్తే మూడు నెలలకి. స్టాటిన్ మొదలుపెట్టినా డోసు మార్చినా 4 నుంచి 12 వారాల్లో లిపిడ్, తర్వాత ఏడాదికోసారి, ఎల్‌డీఎల్ సగానికి తగ్గిందా అనేది కూడా చూడాలి కాబట్టి మందు మొదలుపెట్టకముందు రిపోర్ట్ పారెయ్యొద్దు. ఈజీఎఫ్‌ఆర్, యూరిన్ రేషియో ఏడాదికోసారి, తేడా ఉంటే ఇంకా తరచుగా. ఎన్‌టీ ప్రోబీఎన్‌పీ డాక్టర్ అవసరమంటే ఏడాదికోసారి. టైప్ 2 వాళ్లు ఇవన్నీ షుగర్ ఉందని తెలిసిన రోజు నుంచే మొదలుపెట్టాలి, టైప్ 1 వాళ్లకి కిడ్నీ టెస్టులు ఐదేళ్ల తర్వాత నుంచి. లైపోప్రోటీన్ ఏ రిపోర్ట్ మళ్లీ చేయించే పని లేదు కాబట్టి ఫోన్‌లో ఒక ఫోటో తీసి పెట్టుకోండి, అదే ఫోటో మీ పిల్లలకి కూడా పంపండి.